మోపు దించే చెయ్యి

కరెంటు పోయినప్పుడు సాగ్బో తన షెడ్డులో ఒక మోటారుసైకిలు చైను బిగిస్తున్నాడు. ముందు తల మీది ఫ్యాను ఆగింది. తర్వాత వీధి పొడుగునా ప్రతి ఇంట్లోంచీ ఒకేసారి "అయ్యో!" అని వినిపించింది. ఎవరింట్లోనో గిన్నె విసిరేసిన చప్పుడు కూడా వచ్చింది.

"సరిగ్గా మంచి పట్టు మీదుండగా ఆగినట్టుంది సీరియల్," అన్నాడు లోకోసు. ఆ మోటారుసైకిలు అతనిదే. దాని మీద జనాన్ని ఎక్కించుకుని బోహికాన్ పట్నం దాకా తిప్పుతాడు. "కరెంటోళ్ళకి కూడా కథ తెలుసురా సాగ్బో. ఎక్కడ తీస్తే మనం ఏడుస్తామో చూసి మరీ తీస్తారు."

"ఏడిచేవాళ్ళుంటే తియ్యరా మరి!"

"మీ అమ్మ ముందు అను ఆ మాట."

సాగ్బో పానా కింద పెట్టలేదు. ఆదివారం సాయంత్రం ఊళ్ళో తెరిచి ఉండే షెడ్డు అతనిదొక్కటే. ఇంట్లో టీవీ కొన్నది అతనే. యాంటెన్నా బిగించిందీ అతనే. అయినా "అడవి వాకిలి" మొదలయ్యే వేళకి ఏదో ఒక పని పెట్టుకుని ఇక్కడికి వచ్చేస్తాడు. ఫ్రెంచిలో కాకుండా ఇంట్లో మాట్లాడుకునే భాషలో వచ్చే సీరియల్ అదొక్కటే. అతని తల్లి ఆ సీరియల్‌ని ఒక్క వారం కూడా వదల్లేదు.

"కట్టెలకి వెళ్ళినవాడు తిరిగొచ్చే కథ అది," అన్నాడు లోకోసు. "ఊళ్ళో అందరికంటే ముందు నువ్వు చూడాలి. నువ్వేమో ఇక్కడ నా చైనుతో కుస్తీ పడుతున్నావు."

సాగ్బో చైను మీదికి మరింత వంగాడు. లోకోసు ఇక పొడిగించలేదు.

సాగ్బో కవలల్లో రెండోవాడు. మొదటివాడు జిన్సు. ఇద్దరికీ ఐదేళ్ళప్పుడు జిన్సు కట్టెలకి వెళ్ళాడు. కవలల్లో ఒకరు పోతే ఆ ఊళ్ళో అలాగే అంటారు. పోయాడన్న మాట నోట్లోంచి రానివ్వరు. వస్తే మిగిలినవాడు విని వెనకాలే వెళ్ళిపోతాడని భయం. చిన్నప్పుడు సాగ్బో ఆ మాటని ఉన్నదున్నట్టే నమ్మాడు. ఏడేళ్ళప్పుడు ఒక రోజు కత్తి పట్టుకుని టేకు తోటల వైపు బయల్దేరాడు, అన్నకి సాయం చేసి త్వరగా తీసుకొద్దామని. మేనత్త చూసి చెవి పట్టుకుని లాక్కొచ్చింది. తల్లి గరిటెతో కొట్టింది. కొట్టినామె కొట్టించుకున్నవాడికంటే ఎక్కువ ఏడ్చింది. ఆ తర్వాత అతను జిన్సు గురించి అడగలేదు.

దక్షిణం వైపు ఆకాశం నల్లబడింది. సాగ్బో చైను బిగించడం పూర్తి చేసి చేతులు తుడుచుకున్నాడు.

"ఒక చుట్టు తిప్పి చూడు. మళ్ళీ లూజయితే రేపు రా. నేను ఇంటికెళ్తున్నా."

ఇంట్లో టీవీ ముందు చాప పరిచి ఉంది. చాప మీద సగం ఒలిచిన వేరుశనక్కాయలున్నాయి. గోడవార ఎత్తుపీట మీద జానెడు చెక్కబొమ్మ తన చోటనే కూర్చుని ఉంది. అదే జిన్సు. సాగ్బో వేసుకున్న నీలం చొక్కా గుడ్డలోంచి మిగిలిన ముక్కే దాని ఒంటి మీదా ఉంది. ముందు పళ్ళెంలో ఎర్రనూనె వేసిన అలసందలు. సాగ్బోకి ఏది కొన్నా బొమ్మకి కూడా కొనాలి. ఏది వండినా బొమ్మకి కూడా పెట్టాలి. అలా ముప్పై ఏళ్ళకి పైగా నడుస్తోంది.

తల్లి లోపలి గదిలో మంచం మీద గోడకేసి తిరిగి పడుకుని ఉంది. ఊళ్ళో ఆమెని పేరు పెట్టి ఎవరూ పిలవరు. హొహోనో అంటారు, అంటే కవలల తల్లి.

"ఒంట్లో బాలేదా అమ్మా?"

"బానే ఉంది."

"ఫిఫామే ఏది?"

"అక్కడే ఉంది. చాప మీద."

చాప మీద లేదు. పెరట్లో లేదు. స్నానాల తడిక వెనక లేదు. ఫిఫామేకి ఆరేళ్ళు. పిలిస్తే పలికే పిల్ల. సాగ్బో మూడుసార్లు పిలిచాడు. మేక తప్ప ఎవరూ తల తిప్పలేదు.

మళ్ళీ ఇంట్లోకి వస్తుంటే గుమ్మం పక్కన మేకు కనిపించింది. ఖాళీగా ఉంది. ఆ మేకుకి తల్లి చుట్టకుదురు వేలాడుతూ ఉంటుంది. తలమీద బరువెత్తుకునేటప్పుడు కింద పెట్టుకునే గుడ్డచుట్ట. ఇవాళ సంత రోజు. భార్య హ్వెఫా కర్రపెండలం పిండి అమ్మడానికి బోహికాన్ వెళ్ళింది. ఆమె చుట్టకుదురు ఆమెకుంది. దీన్ని ఎవరూ తియ్యాల్సిన పని లేదు.

అతను వీధిలోకి వచ్చాడు. ఎదురింటావిడ అరుగు మీద మొక్కజొన్న ఒలుస్తోంది.

"మా పిల్ల కనిపించిందా?"

"ఇందాకే పోయింది. నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని, పెద్ద పనిమంతురాలిలాగా! ఎక్కడికే ముసలమ్మా అన్నాను. కట్టెలకి వెళ్ళినాయన్ని తీసుకురావడానికి అంది." ఆవిడ నవ్వింది. అతని మొహం చూసి ఆపేసింది. "ఆటకి అంటోందనుకున్నాను సాగ్బో."

"ఎటు?"

"బావి వైపు."

అతను పరిగెత్తాడు. పొద్దున కురిసిన వానకి నల్లరేగడి మెత్తబడి ఉంది. బావి దాకా చిన్న చిన్న అడుగులు దిగబడి కనిపించాయి. కుడి కాలు బొటనవేలు కొంచెం లోపలికి తిరిగి ఉంది. అది తన పిల్ల అడుగే. బావి దగ్గర దారి మూడుగా చీలుతుంది. ఒకటి టేకు తోటలకి, ఒకటి చేలకి, ఒకటి పాత రైలు పట్టాలకి. మూడింటి మీదా పశువుల మంద ఒకటి అప్పుడే నడిచి వెళ్ళింది. నేలంతా గిట్టల గుంటలు. ఆ తర్వాత ఒక్క అడుగు కూడా కనిపించలేదు.

ఉరిమింది. మూడు దారులూ వాగులు దాటేవే. పైన ఎక్కడో వాన పడుతోందంటే కాసేపట్లో అవి పొంగుతాయి. చీకటి పడడానికి ఎంతో సమయం లేదు. తప్పు దారిలో వెళ్తే రెండోదానికి పొద్దుండదు.

అతను వెనక్కి తిరిగి ఇంటికి పరిగెత్తాడు.

"అమ్మా, లే. ఇవాళ సీరియల్లో ఏం జరిగిందో చెప్పు."

ఆమె గోడ వైపు నుంచి తిరగలేదు. "నువ్వు చూడవుగా."

"చెప్పు."

"కరెంటు పోయింది."

"పోయేదాకా జరిగింది చెప్పు. పిల్ల చుట్టకుదురు తీసుకుని వాణ్ణి తేవడానికి వెళ్ళింది. ఎటు వెళ్ళిందో నాకు తెలియాలి."

ఆమె లేచి కూర్చుంది. మేకు వైపు చూసింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"కట్టెలకి వెళ్ళిన పిల్లాడు రోజూ పొద్దుగూకే వేళకి వస్తాడు," అంది. "నెత్తిన మోపు. ఊళ్ళోకి రాలేడు. తనని చివరిసారి ఎక్కడ దిగబెట్టారో అక్కడిదాకానే రాగలడు. అక్కడ నిలబడతాడు. మోపు తనంతట తాను దించుకోలేడు. దిగబెట్టినవాళ్ళే వచ్చి చెయ్యి వెయ్యాలి. ఇన్ని వారాలూ వాళ్ళమ్మకి ఆ సంగతి తెలీదు. ఇవాళ తెలిసింది. బయల్దేరింది."

"ఎక్కడికి?"

"ఊరి బయట ఒక పెద్ద చెట్టు కిందికి."

"ఏ చెట్టు? ఎలాంటి చోటు? పిల్ల దాన్ని చూసి ఎక్కడికి వెళ్ళుంటుంది?"

"చెప్తున్నా కదరా. వెళ్తోంది. వాన. మోకాలి దాకా రేగడి. ఒక కాలు లాగితే ఇంకో కాలు దిగబడుతోంది. వీపు మీద ఒకడు, భుజం మీద ఒకడు. ఇద్దరికీ తట్టు పోసింది. ఒళ్ళు కాలిపోతోంది. బండి వస్తుందేమోనని చూసింది. రాలేదు. రేకుల కింద బల్ల ఉంది, వాన పడదు కదా అని..."

ఆమె ఆగింది.

"చెట్టు కిందన్నావు," అన్నాడు సాగ్బో. "రేకులెక్కడివి?"

ఇంటి కప్పు మీద నాలుగు చినుకులు పడ్డాయి.

"అమ్మా. ఆ టీవీలో రైలుబండి ఉందా?"

"లేదు."

అతను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. అడగాల్సినవి చాలా ఉన్నాయి. అడగడానికి వేళ లేదు.

"పిల్లకి చెప్పావా ఇది?"

"అది అడిగింది. మన జిన్సుని ఎక్కడ దిగబెట్టారు నానమ్మా అని. చిన్నపిల్లే కదా అనుకున్నాను." ఆమె చేతుల వైపు చూసుకుంది. "ఎవరూ అడగలేదురా నన్ను. ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు."

"ఎక్కడ?"

"పాత రైలు హాల్టు."

అతను లేచాడు. ఆమె కూడా లేచి చెప్పులు వెతుక్కుంది.

"నువ్వుండు."

"నేను రాకపోతే అది రాదు."

"నా కూతురు నేను పిలిస్తే రాదా?"

"సీరియల్ నువ్వు చూడలేదు. అది చూసింది. దిగబెట్టినవాళ్ళే రావాలి."

లోకోసు ఇంకా షెడ్డు దగ్గరే బండి తిప్పి చూస్తున్నాడు. విషయం రెండు ముక్కల్లో విని, "ఎక్కండి," అన్నాడు. సాగ్బో వెనక కూర్చున్నాడు. అతని వెనక తల్లి అతని నడుం పట్టుకుని కూర్చుంది. బండి పట్టాల దారి పట్టింది. ఆ దారిన రైళ్ళు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. పట్టాల మధ్య గడ్డి మనిషెత్తున పెరిగింది. పక్కన కాలిబాట మాత్రం ఉంది. చక్రానికి రేగడి చుట్టుకుని బండి మాటిమాటికీ పక్కకి జారుతోంది.

"నువ్వు బిగించిన చైను తెగకపోతే చాలు," అన్నాడు లోకోసు. "తెగిందా, హొహోనో అత్తని నేను మొయ్యను, ముందే చెప్తున్నా."

ఎవరూ నవ్వలేదు.

"హాల్టు దాకా ఇద్దర్నీ మోశాను," అంది తల్లి సాగ్బో వీపుతో. ఇంజను చప్పుడులో ఆమె గొంతు పెంచలేదు. అయినా ప్రతి మాటా వినిపించింది. "ఆసుపత్రి ఇంకా దూరం. మీ నాన్న కొటొనూ రేవులో ఉన్నాడు. నా కాళ్ళు ఇక ఆడలేదు. ఒకణ్ణి బల్ల మీద పడుకోబెట్టి ఒకణ్ణి తీసుకెళ్ళాను. నిన్ను అక్కడ అప్పజెప్పి వెంటనే వెనక్కి బయల్దేరాను. హాల్టుకి అవతల ఇంకో వాగుంది. అది పొంగింది. జనం నన్ను పట్టుకుని దాటనివ్వలేదు. నీళ్ళు తగ్గాక వచ్చాను." ఆమె అతని నడుం ఇంకా గట్టిగా పట్టుకుంది. "అప్పటికి కట్టెలకి వెళ్ళిపోయాడు."

లోకోసు నోరు ఎప్పుడూ మూతపడదు. ఇప్పుడు అతను దారి తప్ప వేరేదేదీ చూడకుండా బండి నడిపాడు.

"నిన్నే ఎందుకు తీసుకెళ్ళానని అడగవా?"

"ఇప్పుడొద్దమ్మా."

"నువ్వు ఏడుస్తున్నావు. వాడు ఏడవలేదు. ఏడవనివాడు కాసేపు ఆగగలడనుకున్నాను."

వాగు దగ్గర బండి ఆగింది. పైన రైలు వంతెన ఉంది గానీ దాని చెక్కలు ఎప్పుడో ఎత్తుకుపోయారు. కింద నుంచే దాటాలి. నీళ్ళు మోకాలికి కొంచెం పైన ఉన్నాయి. నీళ్ళ మీద కొమ్మలు, ఆకులు, ఒక ప్లాస్టిక్ డబ్బా కొట్టుకొస్తున్నాయి. ఇవతలి ఒడ్డు బురదలో చిన్న అడుగు ఒకటి ఉంది. బొటనవేలు లోపలికి తిరిగి ఉంది. దాని పక్కనే నీళ్ళు.

సాగ్బో ఆ అడుగు చూశాడు. తర్వాత నీళ్ళు చూశాడు.

"పిల్ల దాటినప్పుడు నీళ్ళు ఇంత లేవులే," అన్నాడు లోకోసు. "ఆ బురద గీత చూడు, నీళ్ళు ఇప్పుడే ఎక్కాయి. నా బండికి ఈత రాదు. ఇక్కడ నిలబడి లైటు అటు వేసి ఉంచుతా."

తల్లీ కొడుకూ చేతులు పట్టుకుని దాటారు. ఆమె ఒకసారి తూలింది. అతను మణికట్టు వదల్లేదు. అవతల గట్టెక్కి గడ్డిని చేతులతో తోసుకుంటూ నడిచారు. వాన అందుకుంది. అతను పిల్ల పేరు అరిచాడు. జవాబు రాలేదు.

హాల్టు అంటే ఒక సిమెంటు అరుగు, నాలుగు ఇనుప స్తంభాలు, వాటి మీద రేకులు. రేకులు ఒకవైపు వంగి నేలకి తగిలాయి. రెండో వైపు కింద ఒక సిమెంటు బల్ల ఉంది. ఆ బల్ల చివర ఫిఫామే కూర్చుని ఉంది. నెత్తిన చుట్టకుదురు ఉంది. అది జారకుండా రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది. కాళ్ళు నేలకి అందక ఊగుతున్నాయి.

"నాన్నా, అరవకు," అంది. "నువ్వు అరుస్తుంటే భయపడి రావట్లేదు."

సాగ్బో చెయ్యి లేచింది. గాలిలోనే ఆగింది. గరిటె దెబ్బ అతనికి గుర్తుంది. ఆ చేత్తోనే పిల్ల జబ్బ పట్టుకున్నాడు.

"పద. వాగు పొంగుతోంది."

"ఇంకా రాలేదు."

"రాడమ్మా. అది టీవీ."

"వస్తాడు! నానమ్మ ఇక్కడే అని చెప్పింది." అతను ఎత్తుకోబోతే పిల్ల ఇనుప స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుంది. చుట్టకుదురు కింద పడింది. "మోపు తలమీదే ఉండిపోయింది నాన్నా! వాళ్ళమ్మ వచ్చింది, చేతులు ఎత్తింది, కరెంటు పోయింది. ఎవరూ దించలేదు! నానమ్మ వెళ్ళి పడుకుంది. ఇంకెవరు దించుతారు?"

పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తూ సాగ్బో వెనక్కి చూశాడు. తల్లి రేకుల కిందికి రాలేదు. అంచుకి రెండడుగుల దూరంలో వానలో నిలబడి ఉంది. బల్ల వైపు చూడటం లేదు. అతనికి ఒక సంగతి తట్టింది. కథ చెప్పినప్పుడు పిల్లాడు నిలబడతాడంది గానీ, వాళ్ళమ్మని చూసి ఏమన్నాడో చెప్పలేదు.

పిల్ల వేళ్ళు విడదీయడం ఆపాడు.

"ఏమన్నాడే వాడు? వాళ్ళమ్మ వచ్చినప్పుడు?"

"'వచ్చావా' అన్నాడు."

"ఇంకా?"

"అంతే."

"కోప్పడలేదా? ఇన్నాళ్ళూ రాలేదని?"

ఫిఫామే అతన్ని తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసింది. "ఎందుకు కోప్పడతాడు? బరువుగా ఉంది కదా. దించుతుందని సంతోషంగా ఉన్నాడు."

వాన రేకుల మీద గట్టిగా పడుతోంది. అయినా తల్లికి ఆ మాట వినబడింది. ఆమె కదిలింది. వంగి రేకుల అంచు దాటింది. కింద పడిన చుట్టకుదురు తీసి దులిపి బల్ల మీద పెట్టింది. తర్వాత బల్లకి ఎదురుగా నిలబడి రెండు చేతులూ పైకెత్తింది.

పిల్లని అక్కణ్ణుంచి కదిలించడానికి ఆడుతోందని సాగ్బో అనుకున్నాడు. మంచి ఉపాయమే అనుకున్నాడు. కానీ ఎదుటివాళ్ళ నెత్తిన మోపు దించేటప్పుడు మనిషి ఎలా నిలబడుతుందో అతనికి తెలుసు. ముందు కాళ్ళు ఎడంగా పెట్టాలి. చేతులు మోపు కింద రెండు వైపులా వెయ్యాలి. "ఊఁ" అనాలి. ఎదుటివాళ్ళు మెడ కొంచెం వంచాలి. అప్పుడు బరువు నీ చేతుల్లోకి వస్తుంది. ఆమె చేతులు ఆమె భుజాలకంటే తక్కువ ఎత్తులోనే ఆగాయి. ఐదేళ్ళవాడి నెత్తి ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తులో ఆగాయి.

"ఊఁ," అంది ఆమె.

"మెల్లిగా నానమ్మా," అంది ఫిఫామే.

ఆమె నడుము వంచి చేతులు కిందికి దించింది. బల్ల పక్కన నేల మీదికి దించింది. దించాక చేతులు వెంటనే వెనక్కి తీసుకోలేదు. మోకాళ్ళ మీద కూలబడి, ఖాళీ నేల మీద రెండు అరచేతులూ ఆనించి, అలాగే ఉండిపోయింది. ఆమె వీపు కదులుతోంది. చప్పుడు మాత్రం లేదు.

"బరువుందా?" అని అడిగింది పిల్ల.

నానమ్మ చేతులు తియ్యకుండానే తల ఊపింది. "ఉంది."

ఫిఫామే స్తంభం వదిలేసి తండ్రి మెడ పట్టుకుంది. "ఇంక పోదాం నాన్నా."

వాగు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు సాగ్బో తొడల దాకా ఎక్కాయి. అవతల లోకోసు బండి లైటు వెలుగుతోంది. సాగ్బో పిల్లని మెడ మీద కూర్చోబెట్టుకుని, తల్లి మణికట్టు పట్టుకుని దిగాడు. నాలుగడుగులు వేశారు. తల్లి కాళ్ళు నేల వదిలేశాయి. అతను ఒక చేత్తో ఆమెని లాగాడు. అతనూ పక్కకి ఒరిగాడు. పిల్ల అతని జుట్టు పట్టుకుని కేక పెట్టింది. ఎలాగో మళ్ళీ గట్టు మీదికి పడ్డారు.

"ఇద్దర్నీ ఒకేసారి కాదురా," అంది తల్లి. దగ్గుతూనే అంది. "దాన్ని దాటించి రా. నేను రేకుల కింద ఉంటా."

సాగ్బో ఆమె వైపు చూశాడు. ఆమె వాగు వైపు చూస్తోంది.

"నీళ్ళు ఇంకా ఎక్కుతాయి," అన్నాడు.

"అందుకే త్వరగా వెళ్ళు."

"నిన్ను ఇక్కడ వదిలి..."

"నేను ఏడుస్తున్నానా?" అంది ఆమె. "వెళ్ళు."

ఆమె వెనక్కి తిరిగి గడ్డిలోకి నడిచింది. అతను దిగాడు. రెండు చేతులతో పిల్ల కాళ్ళు గుండెకి అదిమి పట్టుకున్నాడు. ఒక అడుగు గట్టిగా ఆనాకే రెండోది తీశాడు. మధ్యలో నీళ్ళు నడుముకి తగిలాయి. లోకోసు చొక్కా విప్పేసి, బండి తాడు ఒక చివర పొదకి కట్టి, రెండో చివర పట్టుకుని నీళ్ళలోకి సగం దూరం వచ్చాడు. పిల్లని అందుకున్నాడు.

"అత్తేది?"

"అక్కడే ఉంది. తాడు ఇటివ్వు."

అతను తాడు నడుముకి కట్టుకుని వెనక్కి తిరిగాడు. బండి లైటు వెనక నుంచి పడుతోంది. ముందు తన నీడ తప్ప ఏమీ కనిపించడం లేదు. నీళ్ళు అతన్ని పక్కకి తోస్తున్నాయి. ఇదే దారి, ఇదే వాన అనుకున్నాడు. ఆమెకి ఆ రోజు తాడు లేదు. అవతల లైటు పట్టుకున్నవాడు లేడు. పట్టుకుని ఆపిన జనం మాత్రం ఉన్నారు. వాళ్ళు ఆపకపోతే ఏమయ్యేదో, ఆపినందుకు ఏమయిందో, ఆమె ఎన్ని రాత్రులు ఆలోచించి ఉంటుందో అతనికి తెలీదు. తను ఒక్కసారి కూడా అడగలేదు.

గట్టెక్కి తాడు విప్పి పొదకి ముడేశాడు. "అమ్మా!" అని అరిచాడు.

రేకుల మీద వాన చప్పుడు వినిపించింది. ఇంకేమీ లేదు.

గడ్డిలో పరిగెత్తాడు. ఒక చెప్పు రేగడిలో ఉండిపోయింది. "అమ్మా! పలుకు!"

జవాబు లేదు. అరుగు ఎక్కాడు. బల్ల మీద ఎవరూ లేరు. చుట్టకుదురు మాత్రం ఉంది. అతని కాళ్ళు ఆగిపోయాయి.

"వచ్చావా," అని వినిపించింది.

వంగిన రేకు వెనక, వాన పడని మూల, ఆమె మోకాళ్ళు ముడుచుకుని నేల మీద కూర్చుని ఉంది.

అతను దగ్గరికి వెళ్ళాడు. "వచ్చాను," అన్నాడు.

"మొదటి పిలుపే విన్నాను. పలుకుదామనుకున్నాను. గొంతు రాలేదు."

"సరే."

ఆమె ముందు వెనక్కి తిరిగి కూర్చున్నాడు. "ఎక్కు."

"బరువుంటానురా."

"ఎక్కమ్మా. వాగు ఆగదు."

ఆమె చుట్టకుదురు తీసుకుని జాకెట్టులో దోపుకుంది. అతని మెడ చుట్టూ చేతులు వేసింది. అతను రెండు మోకాళ్ళ మీద బలం పెట్టి లేచాడు. తాడు నడుముకి చుట్టుకుని నీళ్ళలోకి దిగాడు. అవతలి నుంచి లోకోసు తాడు బిగిస్తూ లాగుతున్నాడు. ఫిఫామే అతని పక్కన నిలబడి తనూ తాడు పట్టుకుని లాగుతోంది.

సగం దూరం వచ్చేసరికి లోకోసు అరిచాడు. మామూలు గొంతు తిరిగొచ్చింది. "సాగ్బో! హ్వెఫా ఫోన్ చేసింది! సంత నుంచి వచ్చేసిందట! ఇంట్లో ఎవరూ లేరేంటని తిడుతోంది! నన్ను కూడా తిట్టింది, నేనేం చేశాను?"

"ఏం చెప్పావు?"

"అందరూ టీవీ చూడ్డానికి వెళ్ళారని చెప్పా! ఇంకేం చెప్పను? అదే అంది, కరెంటు వచ్చిందట! ఆ ముక్క రేపు మళ్ళీ వేస్తారట!"

"నాన్నా, రేపు చూద్దామా?" అని అరిచింది ఫిఫామే. "దించిందో లేదో చూద్దామా?"

సాగ్బో కాలు కింద రాయి కోసం వెతికాడు. దొరికింది. దాని మీద బరువు మోపాడు.

"చూద్దాం," అన్నాడు.

"మీరు చూడండి," అంది వీపు మీది నుంచి తల్లి. గడ్డం అతని భుజానికి ఆనించి, అతనికి మాత్రమే వినబడేంత మెల్లగా అంది. "నేను వాడికి అలసందలు వండాలి. ఏమయిందో నాకు తెలుసు."